తరుగు పరీక్ష

కురవింద దేశపు రాజధాని కెంపుకోటలో తెల్లవారితే ముందుగా మెరిసేది రాజమందిరం కాదు, సంవాహన విద్యాపీఠం. పగడపు తోరణాలు, దంతపు తలుపులు, తలుపు తలుపుకూ వెండి గంటలు. ద్వారానికి అటొకటి ఇటొకటి నువ్వుల నూనె నింపిన బంగారు గంగాళాలు. గోడల మీద నరాల చిత్రాలు, కీళ్ల చిత్రాలు, నరాలూ కీళ్లూ పెనవేసుకుని పద్మాలై విరిసిన చిత్రాలు. సింహద్వారం ఎదుట పీఠ స్థాపకుడు కరపల్లవ మహర్షి ఎర్రరాతి విగ్రహం, రెండు చేతులూ చాచి, గుమ్మడికాయంత ముక్కుతో లోకాన్ని దీవిస్తూ ఉంటుంది. ఒళ్లు పట్టే విద్య నేర్పే ఆ పీఠంలో లేనిది ఒక్కటే. పట్టడానికి మనిషి ఒళ్లు లేదు.

ఒళ్లెందుకయ్యా అని పీఠాధిపతి ఆచార్య దృఢముష్టి వాదన. మనిషి ఒళ్లు కదులుతుంది, మూలుగుతుంది, చక్కిలిగింత అంటుంది, నొప్పి పుడితే కేక పెడుతుంది. ఇవన్నీ శాస్త్రాభ్యాసానికి అంతరాయాలు. అందుకని పీఠంలో పాఠమంతా రాతి ప్రతిమల మీదే సాగుతుంది. గబ్బిలాల కొండ మీద ఉండే మాంత్రికుడు కాలజంఘుడు గడ్డిలో చుట్టి వాటిని పంపిస్తాడు. ఎందుకు పంపిస్తాడని ఎవరూ అడగలేదు. ఊరికే వచ్చే రాయిని కులగోత్రాలు అడుగుతారా?

నేర్చినవాడు నేర్చింది మరిచిపోకుండా ఏటేటా వచ్చి మళ్లీ నేర్చుకోవాలని, నేర్చుకున్నందుకు గుర్తుగా చేతి రాగి కడియం మీద ముద్ర వేయించుకోవాలని రాజశాసనం ఉంది. ముద్ర పాతబడిన చేత్తో కన్నతల్లి కాళ్లు పట్టినా కొరడా దెబ్బలే. దాంతో దేశంలోని సంవాహకులందరూ మూటాముల్లే కట్టుకుని పునశ్చరణకు రావడం, పోవడం, మళ్లీ రావడం. ఈ ప్రయాణాల్లోనే కొందరికి జుట్టు నెరిసింది. మనిషి వీపు ఎలా ఉంటుందో చూడకుండానే మనవలను ఎత్తుకున్నవాళ్లున్నారు.

ఆ ఏడు పునశ్చరణకు వచ్చిన బారులో ఒక తెల్లగడ్డం ముసలాయన నిలబడి ఉన్నాడు. గడ్డం ముసలిదే గాని భుజాలు మాత్రం రోకళ్లలా ఉన్నాయి. ఆ గడ్డం మేకది. ఆ భుజాలు జెట్టి బయ్యనవి. పొరుగునున్న ఏడూళ్లలో అతన్ని కుస్తీలో పడగొట్టినవాడు లేడు. ప్రేమతో కౌగిలించుకుంటే పక్కటెముకలు లెక్క చూసుకోవాల్సినంత బలం. ఒళ్లు పట్టడం మాత్రం అతనికి ఇసుమంతైనా రాదు.

అలాంటివాడు అక్కడెందుకున్నాడంటే, తమ్ముడి కోసం. తమ్ముడు చామన గదనూ పట్టలేదు, గోదాలోకీ దిగలేదు. చదువుకుంటానన్నాడు. పీఠంలో చేరి అందరికన్నా ముందు నిలిచాడు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తల్లి తలంటుతుంటే "అమ్మా, పట్టు తప్పు. మాకలా నేర్పలేదు" అని చెయ్యి పట్టుకు దిద్దేవాడు. ఆవిడ మురిసిపోయి, ఆ దిద్దిన పట్టుతో తలంటలేక, కుంకుడు రసం కళ్లల్లో పోసేది. చదువు ముగియగానే పీఠంవాళ్లు చామనను కాలజంఘుడి దగ్గరికి ఆస్థాన సంవాహకుడిగా పంపారు. మళ్లీ కబురు లేదు. బయ్యన వెళ్లి అడిగితే "మీవాడు ఉద్యోగంలో స్థిరపడ్డాడు" అన్నారు. తల్లి ఆ మాట నమ్మలేదు. తిండి మానేసి గుమ్మంలో కూర్చుంది. "వాణ్ణి తీసుకురా. లేకపోతే నువ్వూ రావద్దు" అంది.

కాలజంఘుడి కొండ దారిలో గండభేరుండం కాపలా. తాజా ముద్ర ఉన్న కడియం చూస్తే గాని అది దారి ఇవ్వదు. అందుకే బయ్యన, ఏళ్ల తరబడి పునశ్చరణలతో విసిగిపోయిన తిప్పన తాత ఇంటికి వెళ్లి ఆయన కడియం అడిగాడు.

"పట్టుకుపో నాయనా" అన్నాడు తాత, పీడ వదిలినట్టు. "ఈ చేతులకు వచ్చినంత విద్య దేశంలో ఎవరికీ రాలేదు. మా ముసలిది మోకాలు పట్టమంటే మాత్రం, రాయి తీసుకురా చూపిస్తానంటున్నాను."

అలా తాత కడియంతో, మేక గడ్డంతో బయ్యన లోపలికి అడుగు పెట్టాడు.

*

ప్రతిమల శాల పొడుగ్గా, చల్లగా ఉంది. స్ఫటికపు కిటికీల్లోంచి పడే వెలుగులో బూడిదరంగు రాతి మనుషులు బల్లల మీద బోర్లా పడుకుని ఉన్నారు. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో సంవాహకుడు. గరుకు ఇసుక కలిపిన నూనె చేతులకు పూసుకుని ఒకరిని మించి ఒకరు తోముతున్నారు. బర్రు బర్రుమని చప్పుడు. పాత ప్రతిమలకు వెన్ను పోయింది, చెవులు పోయాయి. కొన్ని తోమి తోమి చివరికి పొత్రాల్లా మిగిలాయి. వాటిని వంటశాలకు ఇచ్చేశారు.

"మీ బల్ల మీరే ఎంచుకోండి పెద్దాయనా" అన్నాడు ఉపాచార్యుడు చిక్కణుడు. ఎప్పుడూ పీఠాధిపతికి రెండడుగుల వెనకే నడిచే మనిషి. ముందు నడిచే రోజు కోసం ఓపిగ్గా ఎదురుచూసే మనిషి కూడా.

బయ్యన బల్లల మధ్య నడుస్తూ ఊరికే ఒక్కో వీపు మీద చెయ్యి ఆనించి చూశాడు. జెట్టివాడికి మొహం గుర్తుండకపోవచ్చు గాని పట్టుకున్న వీపు మరిచిపోడు. శాల చివర ఒక ప్రతిమ మీద చెయ్యి వేసి అక్కడే ఆగాడు. ఎడమ రెక్క కింద చింతగింజంత ముడి. చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడితే చామనకు అక్కడ ఎముక అతుక్కున్న తీరు అది. బయ్యన ప్రతిమ తల పక్కకు వంగిన వైపు తొంగిచూశాడు. పెదవులు ఉన్నాయి. కళ్లు ఉన్నాయి. ముక్కు సగం అరిగిపోయింది.

కొండ మీది రాళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో బయ్యనకు అప్పుడు తెలిసింది. మాంత్రికుడి దగ్గరికి వెళ్లిన శిష్యులే రాళ్లై తిరిగి పీఠానికి వస్తున్నారు. వాళ్లను తోమి నేర్చుకున్న కొత్త శిష్యులు మళ్లీ మాంత్రికుడి దగ్గరికి వెళుతున్నారు. అతనికి అక్కడే ఎవడో ఒకడి మెడ విరవాలనిపించింది. కాని మెడ విరిస్తే తమ్ముడు మనిషి కాడు. రాయి చేసినవాడే మళ్లీ మనిషిని చేయాలి. ఆ కొండకు పోవాలంటే ముద్ర కావాలి. ముద్ర కావాలంటే తోమాలి.

"ఈ బల్ల నాది" అన్నాడు బయ్యన.

ఆ రోజునుంచి బయ్యన తోముతున్నట్టు నటించడం మొదలుపెట్టాడు. భుజాలు ఊపేవాడు, హుంకరించేవాడు, చెమటలు కక్కేవాడు. అరచేతులు మాత్రం పాల మీది మీగడ చెదరకుండా వేలు ఆనించినట్టు తమ్ముడి వీపును తాకేవి. గోదాలో ఎద్దులాంటివాళ్లను ఎత్తి కుదేసిన చేతులకు ఇంతకన్నా కష్టమైన పని ఎన్నడూ పడలేదు. పోనుపోను ఆ వేళ్లకు రాతి లోపలి ముడులు కూడా తెలియసాగాయి. ఎక్కడ బిగుసుందో, ఎక్కడ వదులుందో, ఎక్కడ ఏనాటి భయం గడ్డకట్టిందో. తాను ఏదో నేర్చుకుంటున్నానని అతను ఒక్కసారి కూడా అనుకోలేదు. చుట్టూ అంతమంది నేర్చుకుంటుంటే తాను దొంగతనం చేస్తున్నాననే అనుకున్నాడు.

"హుంకారం అమోఘం" అని ఆచార్యుడు మెచ్చుకున్నాడు. "ఆ పట్టులో వీరం ఉంది!"

పీకలమీదికి వచ్చింది చివరి రోజు. ఆ రోజు తరుగు పరీక్ష. విద్యను తూచడం ఎలాగని పీఠంలో పూర్వం పెద్ద చర్చ జరిగిందట. బాగుపడ్డ రోగిని అడుగుదామంటే రోగులు లేరాయె. చివరికి రాయి ఎంత తరిగితే విద్య అంత పెరిగినట్టని తీర్మానించారు. బల్ల కింద పళ్లెం పెడతారు. పడిన పొడిని త్రాసులో తూస్తారు. బరువు చాలినవాడికి ముద్ర. చాలనివాడు వచ్చే ఏడాది మళ్లీ రావాలి. బయ్యనకు మిగిలినవి రెండే దారులు. తమ్ముడి ముఖం తోమేసి తమ్ముణ్ణి కాపాడటానికి పోవడం, లేదా తోమకుండా ఇంటికి పోయి తల్లికి ముఖం చూపలేకపోవడం.

మూడో దారి సింహద్వారం ఎదుట రెండు చేతులూ చాచి నిలబడి ఉంది.

పరీక్ష రోజు పొద్దున్నే బయ్యన స్నానం చేసి, విభూతి పూసుకుని, కరపల్లవ మహర్షి విగ్రహానికి తైలాభిషేకం చేస్తానన్నాడు. ఆహా ఏమి గురుభక్తి అని కావలివాళ్లు నిచ్చెన వేసి మరీ ఎక్కించారు. విగ్రహం చుట్టూ పట్టుతెర కట్టించుకుని, బయ్యన తన అసలు బలమంతా ఆ మహర్షి ముక్కు మీద చూపించాడు. ఇన్నాళ్లు మీగడను తాకిన చేతులకు పండగైపోయింది. ఇసుక నూనె, అరచెయ్యి, జెట్టి పట్టు. గుమ్మడికాయ ముక్కు చూస్తుండగా ఉసిరికాయై, ఆ పైన ఏమీ లేకుండా పోయింది. రాలిన పొడిని నడుంగుడ్డలో పోసి కట్టుకుని, మహర్షి ముఖాన ఒక పెద్ద బంతిపూల దండ వేసి దిగాడు.

పరీక్ష మొదలైంది. బయ్యన హుంకరించి, ఊగి, తమ్ముడి మీద వంగి, నడుంగుడ్డ వదులుచేశాడు. పళ్లెంలో పొడి కుప్పపడింది. త్రాసు ఠక్కున వాలింది. శాలంతా ఆహాకారాలు. అప్పుడు చిక్కణుడు కళ్లు చిట్లించాడు.

"ఆచార్యా, రాయి బూడిదరంగు గదా. పొడి ఎర్రగా ఉందేమండీ?"

బయ్యన ఓరగా తలుపువైపు చూశాడు. దృఢముష్టి వంగి చిటికెడు పొడి తీసి చూశాడు, వాసన చూశాడు, కళ్లు మూసుకున్నాడు.

"మూఢుడా!" అన్నాడు పరవశంతో. "ఇది రక్తప్రసరణ! మర్దన పరాకాష్ఠకు చేరితే లోపలి రక్తం పైకి పొంగుతుందని మన గోడ మీది చిత్రంలో లేదూ? రాతికి రక్తం పుట్టించాడయ్యా ఈ మహానుభావుడు!"

గంటలు మోగాయి. కడియం మీద ముద్ర పడింది. అందరూ బయ్యన కాళ్ల మీద పడబోతున్నారు. అంతలో బయటినుంచి కావలివాడు జుట్టు పీక్కుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యగారూ! కొంప మునిగింది! మహర్షులవారికి ముక్కు లేదండీ!"

దృఢముష్టి చేతిలోని ఎర్రపొడి చూశాడు. బయ్యన వంక చూశాడు. చెమటకు మేక గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

ఇక ఆగితే తమ్ముడు పొత్రమైపోతాడు. బయ్యన ఒక్క ఊపున చామనను భుజానికెత్తుకుని, అడ్డొచ్చిన బల్లను కాలితో తన్ని తలుపువైపు దూకాడు. పట్టుకోండి పట్టుకోండని వందమంది సంవాహకులు మీద పడ్డారు. కానీ దేశంలో పట్టు నేర్చినవాళ్లందరూ నూనె చేతులతోనే ఉన్నారాయె. ఎవడు పట్టుకున్నా జారిపోయాడు. ద్వారం దగ్గర బంగారు గంగాళాలను బయ్యన ఒక్కో తాపుతో బోర్లించాడు. వెనక వచ్చినవాళ్లు వచ్చినట్టే జారి, ఒకరి మీద ఒకరు పడి, పుట్టిన తరువాత మొదటిసారి సాటి మనిషి ఒళ్లు తాకి కెవ్వుమన్నారు.

*

గబ్బిలాల కొండ ముళ్లకోరల్లాంటి శిఖరాలతో మబ్బులను చీలుస్తోంది. లోయల్లో గంధకపు పొగలు, చెట్ల కొమ్మలకు ఆకుల బదులు నాలుకలు చాచిన పాములు. రాతి తమ్ముణ్ణి మోసుకుంటూ బయ్యన ఎక్కాడు. కొండ మెడ దగ్గర, ఆకాశాన్ని కమ్మేస్తూ గండభేరుండం దిగింది. రెండు తలలు, నాలుగు నిప్పుకళ్లు, ఏనుగును ఎత్తుకుపోగల గోళ్లు.

"కడియం చూపించు" అంది కుడి తల.

బయ్యన చూపించాడు.

"ముద్ర తాజాగానే ఉంది" అంది కుడి తల.

"వీళ్లు ఇద్దరు. కడియం ఒక్కటే" అంది ఎడమ తల. గోళ్లు విప్పింది.

బయ్యనకు పీఠంలో విన్న మాటలన్నీ ఊరికే పోలేదు. "ఇది మనిషి కాదు తల్లీ. బోధనోపకరణం."

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆ మాటకు అర్థం తెలియదని ఒప్పుకోవడానికి రెండింటికీ నామోషీ వచ్చింది. "ఆఁ, అదైతే పరవాలేదు" అని రెక్క ఎత్తి దారి ఇచ్చింది.

కాలజంఘుడి గుహలో కపాలాల ప్రమిదలు నీలి మంటతో వెలుగుతున్నాయి. పైకప్పునుంచి గబ్బిలాలు, ఒక్కో కంట ఒక్కో మాణిక్యంతో, తలకిందులుగా వేలాడుతున్నాయి. పాదరసపు మడుగు ఒడ్డున పాము ఎముకల సింహాసనం, దాని మీద భీకరాకారుడు కాలజంఘుడు. నల్లని జడలు, అరచేతి వెడల్పు కనుబొమ్మలు, కుడి చేతిలో నాగముఖపు మంత్రదండం. చూస్తే ప్రాణాలు పోవాల్సిందే. కాని అతని మెడ ఒక పక్కకు ఒరిగి ఉంది. దండం పట్టిన ఆ చెయ్యి ఒడిలో చచ్చుగా పడి ఉంది.

"మళ్లీ ఒకడా?" అన్నాడు మాంత్రికుడు, ఏడుపు గొంతుతో. "రారా, నువ్వూ నొక్కు. నువ్వూ చంపు."

బయ్యన తమ్ముణ్ణి మెల్లగా దించి నిలబెట్టాడు. "వీణ్ణి మళ్లీ మనిషిని చెయ్యి స్వామీ. నీకేం కావాలో చేస్తాను."

"చెయ్యలేనురా. చెయ్యనని కాదు." కాలజంఘుడు దండం వైపు చూశాడు. "ఈ దండం కిందికి విసిరితే మనిషి రాయి. ఈ కుడి చేత్తోనే తల మీదికెత్తి నిలిపి మంత్రం చెబితే రాయి మనిషి. విసరగలను. ఎత్తలేను. ఒకే ఆసనంలో కూర్చుని ఏళ్లకేళ్లు తపస్సు చేశాను. దేవత వచ్చి అడిగిన వరాలన్నీ ఇచ్చింది. లేవబోతే భుజం పట్టేసింది. ఆ ఒక్కటీ అడగడం మరిచాను."

"మరి వచ్చినవాళ్లను రాళ్లెందుకు చేశావు?"

"నువ్వు నా భుజంలో ఉండి చూడరా తెలుస్తుంది! ఆ పీఠంవాడు పంపిన ప్రతివాడూ నన్ను బండ అనుకుని తోమాడు. ప్రాణం పోయే నొప్పిలో చెయ్యి విదిలిస్తే దండం దిగింది. రాయి అయ్యాడు. మళ్లీ మనిషిని చేద్దామంటే చెయ్యి లేవదు. కొత్తవాణ్ణి పంపమని కబురు పెడితే వాడూ ఆ బడివాడే. రాళ్లతో గుహ నిండిపోయి, పంపినవాళ్లకే తిప్పి పంపాను. ఇంతమందిలో ఒక్కడికీ 'నొప్పిగా ఉందా' అని అడగాలని తోచలేదురా!"

బయ్యన అడిగాడు. "నొప్పిగా ఉందా?"

మాంత్రికుడి కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

ఆ భుజం మీద బయ్యన చెయ్యి ఆనించాడు. తమ్ముడి రాతి వీపు మీద తిరిగినట్టే తిరిగింది ఆ చెయ్యి. ఎక్కడ బిగుసుందో అక్కడ ఆగింది, వదులైతే కదిలింది. కాలజంఘుడు పిల్లిలా కళ్లు మూసుకున్నాడు. మోచెయ్యి ఒడిలోంచి కొంచెం లేచింది.

"ఆగు! శాస్త్రద్రోహీ!"

గుహ ద్వారంలో దృఢముష్టి నిలబడి రొప్పుతున్నాడు. మోచేతిదాకా కడియాలే ఆయనకు, గండభేరుండం వాటిని చూస్తూనే దారి ఇచ్చింది. రెండడుగుల వెనక చిక్కణుడు.

"ఏమిటా గిలిగింత? ఏ చిత్రంలో ఉందది?" అని ఆచార్యుడు కాళ్లు నేలకేసి తన్నాడు.

"అయ్యవారూ, నీకు దణ్ణం పెడతాను, దూరంగా ఉండు" అన్నాడు బయ్యన. "నువ్వు తోమిస్తున్న రాళ్లు నీ శిష్యులే. ఇదిగో, నా తమ్ముడు."

"తెలియకేం?" అన్నాడు దృఢముష్టి, కించిత్తు కూడా తొణక్కుండా. "చదువు చెప్పిన సంస్థకు పూర్వ విద్యార్థులు తోడ్పడటం ఎక్కడైనా ఉన్నదే. ఇన్నేళ్లలో ఒక్కడైనా తిరిగొచ్చి ఫిర్యాదు చేశాడా?"

అంటూనే బయ్యనను పక్కకు తోసి, మాంత్రికుడి భుజాన్ని రెండు చేతులా వజ్రముష్టితో పట్టి, శాస్త్రోక్తంగా, గోడ మీది చిత్రంలో ఉన్నది ఉన్నట్టుగా, మెలితిప్పాడు.

ఫెళ్లుమంది. కాలజంఘుడి అరుపుకు గబ్బిలాలు మాణిక్యాలు రాల్చుకుంటూ ఎగిరిపోయాయి. దండం దిగింది. ఆచార్య దృఢముష్టి రెండు పిడికిళ్లూ బిగించి, గర్వంగా నవ్వుతూ, అలాగే బూడిదరంగు రాయి అయిపోయాడు.

చిక్కణుడు మెల్లగా ముందుకొచ్చాడు. వేలిముడితో ఆచార్యుడి నెత్తి మీద కొట్టి చూశాడు. ఖంగుమంది. చుట్టూ తిరిగి వీపు, పిరుదులు, ముక్కు పరీక్షించాడు.

"గట్టి రాయి" అన్నాడు తృప్తిగా. "వచ్చే ఏడాది పునశ్చరణకు పనికొస్తారు." తలపాగా విప్పి ఆచార్యుణ్ణి జాగ్రత్తగా చుట్టబెట్టసాగాడు.

బయ్యనకు అటు చూసే తీరిక లేదు. మాంత్రికుడి భుజం ఇంతకు ముందుకన్నా రెట్టింపు బిగుసుకుపోయింది. నొప్పికి ఒళ్లంతా వణుకుతోంది. ఆ వణుకులో దండం ఇంకోసారి దిగిందంటే బయ్యనా రాయే.

"వద్దురా" అని మూలిగాడు కాలజంఘుడు. "మీ వాళ్లెవరూ నన్ను ముట్టుకోవద్దు."

"నేను వాళ్లవాణ్ణి కాదు స్వామీ. నాకీ విద్య రాదు. ఒట్టు" అన్నాడు బయ్యన.

ఆ మాట మీద మాంత్రికుడికి నమ్మకం కుదిరింది. బయ్యన రెండు చేతులూ భుజం కింద చేర్చి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఆ చేతిని పట్టి, ఊపిరితో పాటు ఎత్తసాగాడు. ఒడి దాటింది. ఛాతీ దాటింది. ఎన్నేళ్లనుంచో లేవని చెయ్యి భుజం దాటి, చెవి దాటి, తల మీదికి లేచింది. నాగముఖంలోంచి పచ్చని వెలుగు జల్లులా కురిసింది. కాలజంఘుడు ఆనందబాష్పాలతో మంత్రం అందుకున్నాడు.

"చెయ్యి వదలకు. మంత్రం పూర్తయ్యేదాకా నీ రెండు చేతులూ తీయకు. తీస్తే దండం జారుతుంది" అని మధ్యలో హెచ్చరించాడు.

వెలుగు చామన నెత్తి మీద పడింది. రాతి జుట్టు గాలికి కదిలింది. నుదురు చామనఛాయకు తిరిగింది. కనురెప్పలు కొట్టుకున్నాయి. అరిగిన ముక్కు అరిగినట్టే ఉండి, దాంట్లోంచి వెచ్చని ఊపిరి బయటికి వచ్చింది. బయ్యన బిగ్గరగా ఏడ్చేశాడు. తల్లి గుమ్మంలోంచి లేచి అన్నం తింటున్నట్టు అతని కళ్లకు కట్టింది. మెడ కింద ఇంకా అంతా రాయే. వెలుగు నెమ్మదిగా దిగుతోంది.

చామన కళ్లు తిప్పి గుహ చూశాడు. అన్నను చూశాడు. అన్న చేతులను చూశాడు. మాంత్రికుడి భుజం కింద పువ్వులా ఆనిన ఆ పట్టును చూశాడు. అతని కనుబొమలు ముడిపడ్డాయి.

"అన్నా" అన్నాడు చామన. "ఆ పట్టు తప్పు."

మంత్రం ఆగింది. కాలజంఘుడు కళ్లు తెరిచాడు.

"బలం చాలదు. మాకలా నేర్పలేదు" అన్నాడు చామన.

"బలమా? ఇది... ఇది ఆ బడి మాటే గదూ?" అన్నాడు మాంత్రికుడు. భుజం బయ్యన చేతుల్లోనే బిగుసుకోవడం మొదలుపెట్టింది. దండం కొస వణికింది. చామన మెడ దగ్గర దిగుతున్న వెలుగు అక్కడే నిలిచిపోయింది.

"ఒరేయ్, నోరు ముయ్యరా! నీకు పుణ్యముంటుంది!" అని గొంతు చించుకున్నాడు బయ్యన. చెయ్యి తీసి తమ్ముడి నోరు మూద్దామంటే దండం జారుతుంది. తీయకపోతే ఆ నోరు మూసేవాడు లేడు. ఉన్న ఒక్క చిక్కణుడు ఆచార్యుణ్ణి చుట్టే పనిలో తల ఎత్తడం లేదు.

చామన గొంతు సవరించుకున్నాడు.